మందమర్రిలో మతిమరుపు పరీక్షలు

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను మొదట అడిగేది స్కానింగ్ గురించి. మెదడు ఫొటో తీస్తే జబ్బు తెలిసిపోతుంది కదా మేడం, ఇన్ని ప్రశ్నలు ఎందుకు అంటారు. మేము వెతికిన దశలో ఫొటో ఒక్కదాంతో తెలియదు. అల్జీమర్స్ ముదిరిన తర్వాతైతే స్కానింగ్ కూడా అక్కర్లేదు, పక్కింటివాళ్లే చెప్పేస్తారు. మా పని అంతకు చాలా ముందుది. మనిషి డ్యూటీకి వెళ్తూ, బజారు నుంచి కూరగాయలు తెస్తూ, పెళ్లిళ్లలో అందరినీ పలకరిస్తూ ఉండగానే లోపల ఏదో మొదలైందని కనిపెట్టడం. అది కనిపెట్టేటప్పటికి ఆ మనిషి మన ఎదురుగా కూర్చుని నవ్వుతూ ఉంటాడు. ఈ ఉద్యోగంలో నాకు కష్టంగా తోచింది అదే.

నేను సైకాలజిస్టును. కరీంనగర్‌లో పుట్టి, అక్కడే రిటైరయ్యాను. ఉద్యోగంలో చివరి భాగమంతా ఒక పరిశోధన ప్రాజెక్టులో గడిచింది. యాభై అయిదు దాటినవాళ్లను ఊరూరా చేర్చుకోవడం, ఏడాదికోసారి జ్ఞాపకశక్తి పరీక్ష చేయడం, అవసరమైనవాళ్లకు కరీంనగర్‌లో ఎమ్మారై తీయించడం, ఎవరిలో ఏ మార్పు ముందుగా కనిపిస్తోందో చూడటం. మంథని వైపు వరి రైతులు, మందమర్రిలో బొగ్గుగని కార్మికులు, ఒక చిన్న పట్నంలో మరమగ్గాలవాళ్లు ఉండేవారు. జైనూర్ కూడా వెళ్లాం. అక్కడ కొండమీది ఊళ్లలో పెద్దవాళ్లు ఇంట్లో గోండి మాట్లాడతారు. వాళ్లకు తెలుగు మాటలు చదివి వినిపించి, తిరిగి చెప్పలేకపోతే జ్ఞాపకశక్తి తక్కువని రాయడం అన్యాయమని నేను గొడవపడి ఆపించాను. మా బాస్ ఆ నెలంతా నాతో ముక్తసరిగానే మాట్లాడాడు.

మా బాస్ హైదరాబాద్‌లో ఉండే న్యూరాలజిస్టు. మేమంతా పెద్ద డాక్టరు అనేవాళ్లం. చురుకైనవాడు, కష్టపడేవాడు, తొందర మనిషి. ఆయన గురించి మంచీ చెడూ రెండూ చెబుతాను.

పరీక్ష అంటే

చాలామంది దీన్ని బడి పరీక్షలా ఊహించుకుంటారు. అలాంటిదేమీ కాదు. కొన్ని మామూలు మాటలు చదువుతాం. గొడ్డలి, జామకాయ, రైలు, దుప్పటి, ఇలాంటివి. తిరిగి చెప్పమంటాం. తర్వాత వేరే కబుర్లలోకి దింపుతాం, బొమ్మ గీయమంటాం. కొంతసేపయ్యాక ఇందాకటి మాటలు చెప్పమంటాం.

వయసు పైబడినవాళ్లు ఎవరైనా కొన్ని మరిచిపోతారు. నేనూ మరిచిపోతాను. అలాంటప్పుడు మేము చిన్న ఊతం ఇస్తాం. అందులో ఒక పండు ఉంది అంటాం. మామూలు మతిమరుపు అయితే "ఆఁ, జామకాయ" అని వెంటనే వస్తుంది. ఈ జబ్బు మొదలైనవాళ్లకు ఊతం పనిచేయదు. మామిడికాయ అంటారు, అదీ పూర్తి నమ్మకంతో. మెదడులో కొత్త సంగతులను దాచిపెట్టే చోటు ఒకటి ఉంది. ఈ జబ్బులో ముందుగా దెబ్బతినేది అదే. పెట్టి మరిచిన వస్తువు వెతికితే దొరుకుతుంది. అసలు పెట్టని వస్తువును ఎంత వెతికినా ఏం లాభం.

ఇంకో గుర్తు ఉంది. పరీక్ష కాగితంలో దానికి మార్కులు లేవు. ప్రశ్న అడగ్గానే మనిషి తల తిప్పి పక్కన కూర్చున్న భార్య వైపో భర్త వైపో చూస్తాడు. జవాబు అక్కడుందన్నట్టు చూస్తాడు. ఒకసారి చూస్తే పట్టించుకోవద్దు. ప్రతి ప్రశ్నకూ చూస్తుంటే కాగితం పక్కన పెట్టి ఆ చూపునే గమనించండి.

ముందు చెవులు చూడండి

మగ్గాల పట్నంలో నర్సవ్వ అని ఒక ముసలామె ఉండేది. పేర్లన్నీ మార్చే రాస్తున్నాను. వయసులో ఉన్నప్పటి నుంచీ మరమగ్గాల షెడ్డులో కండెలు చుట్టింది. మా టీములో కొత్తగా చేరిన అమ్మాయి పరీక్ష చేసి, ఈమెకు జబ్బు మొదలైందని అనుమానపడింది. నేను వెళ్లి కూర్చున్నాను. నర్సవ్వ నా కళ్లలోకి చూడకుండా పెదవులకేసి చూస్తోంది. నేను కాగితం కోసం తల వంచినప్పుడల్లా ఆమెకు మాట అందడం లేదు. మగ్గాల మోతలో ఆమె చెవులు ఎప్పుడో పోయాయి. ఎదురుగా కూర్చుని గట్టిగా చదివితే మాటలు చక్కగా అప్పజెప్పింది.

"మా ఇంట్ల అందరం ఒర్రుకుంటనే మాట్లాడుతం మేడం. మీరే మెల్లగ మాట్లాడుతున్నరు" అన్నాడు కొడుకు.

మాట వినపడనివాళ్లకు ఆ మాట గుర్తుండదు. చెవులు, కళ్లద్దాలు, నిద్ర, థైరాయిడ్, ఒంటరితనం, ఇవన్నీ చూశాకే మెదడు దాకా వెళ్లండి.

పేరు మరిచినవాడు నా పేరు మరవలేదు

మందమర్రిలో కార్మికుల కాలనీలో ఒక హాలు ఇచ్చారు. పరీక్షలు మొదలుపెట్టిన కొద్ది రోజులకే లెక్క తలకిందులైంది. రిటైరై ఎన్నో ఏళ్లయిన ముసలివాళ్లు శుభ్రంగా చెబుతున్నారు. రిటైర్మెంటుకు దగ్గరలో ఉండి, ఇంకా గనిలోకి దిగుతున్నవాళ్లు ఘోరంగా తప్పుతున్నారు. కొందరు ఏ ఊరో చెప్పలేకపోయారు. ఒకాయన తన పేరు కూడా చెప్పలేదు.

పెద్ద డాక్టరుకు ఇది తెలియగానే ఉత్సాహం వచ్చేసింది. గనిలో పీల్చే గాలి మెదడును దెబ్బతీస్తోందని, బయటికి వచ్చాక కొంత కోలుకుంటున్నారని ఫోనులోనే ఒక సిద్ధాంతం కట్టాడు. సభల్లో చెప్పాలని కూడా అనుకున్నాడు. నాకు ఒక్కటే అడ్డం పడింది. పేరు చెప్పలేని ఆ మనిషి హాలుకు బండి మీద వచ్చాడు, బండికి తాళం వేశాడు, తాళంచెవి జేబులో వేసుకుని మరీ లోపలికి వచ్చాడు.

ఆ సాయంత్రమే బస్సు కోసం వెళ్తుంటే హోటల్ ముందు ఆయనే కనిపించాడు. నన్ను పేరుపెట్టి పిలిచాడు.

"పొద్దుగాల నా పేరు యాదికి రాలే గని, మీ పేరైతే మంచిగ యాదికున్నది మేడం. జర చాయ్ తాగి పోండ్రి" అన్నాడు.

నవ్వాపుకోలేకపోయాను. చాయ్ తాగుతూ ఆయనే అసలు సంగతి చెప్పాడు. సర్వీసు ఇంకా మిగిలి ఉండగా కంపెనీ డాక్టర్లు కార్మికుణ్ని అన్‌ఫిట్ అని తేలిస్తే, ఆ ఉద్యోగం కొడుక్కి వచ్చే వీలుంది. మేము మతిమరుపు పరీక్షలు చేస్తున్నామనే సరికి, ఈ హాల్లో ఫెయిలైతే అన్‌ఫిట్‌కు పనికొస్తుందని కాలనీలో ఎవరో పుకారు పుట్టించారు. మాకూ ఆ డాక్టర్లకూ ఏ సంబంధమూ లేదు. ఆ మాట చెప్పినా ఎవరూ నమ్మలేదు.

ఇది విన్న మా టీములోని పిల్లలు కార్మికులను తిట్టారు. నాకు మాత్రం కోపం రాలేదు. వయసంతా భూమి లోపల గడిపినవాడికి, చదువుకుని ఇంట్లో ఖాళీగా కూర్చున్న కొడుకును చూస్తే ఏదో ఒక దారి వెతకాలనిపిస్తుంది. కాకపోతే మా పని మట్టిలో కలిసింది.

తప్పు చెప్పాలన్నా ఒప్పు తెలియాలి

నటించేవాళ్లను ఏరడానికి సులువైన పద్ధతి ఉంది. రెండేసి మాటలు చెప్పి, ఇందులో నేను ఇందాక చదివింది ఏది అని అడుగుతాం. ఏమీ గుర్తులేనివాడు గుడ్డిగా చెప్పినా దగ్గరదగ్గర సగం ఒప్పవుతాయి. నటించేవాడు దాదాపు అన్నీ తప్పే చెబుతాడు. అన్నీ తప్పు చెప్పాలంటే ఏది ఒప్పో తెలిసి ఉండాలి కదా. ఈ పద్ధతి పెట్టగానే మందమర్రిలో గుట్టు బయటపడింది.

తను కట్టిన సిద్ధాంతం కూలినందుకు పెద్ద డాక్టరుకు చాలా చిన్నతనమైంది. ఇంకా సర్వీసులో ఉన్నవాళ్లందరినీ లెక్కలోంచి తీసెయ్యమన్నాడు. ఆ రోజుకు పిలిచిన కొద్దిమంది మిగిలారు, వాళ్లను పూర్తి చేసి ముగిద్దామనుకున్నాం. అందులో వచ్చాడు ఓదెలన్న.

గనిలో బొగ్గు టబ్బులను తాడుతో లాగే ఇంజను నడిపేవాడు ఓదెలన్న. కింద నుంచి గంట మోగుతుంది. ఎన్నిసార్లు మోగిందో విని, దాన్నిబట్టి లాగాలి, వదలాలి, ఆపాలి. వెంట భార్య రాజవ్వ వచ్చింది. కొడుకు శ్రీకాంత్ వాకిలి దగ్గరే నిలబడ్డాడు.

ఓదెలన్న నేను అడక్కముందే తన పేరు చెప్పాడు. మంథని దగ్గర వాళ్ల ఊరి సంగతులు చెప్పాడు. నా ఊరు కరీంనగర్ అంటే, అయితే మీకు గోదావరి నీళ్ల రుచి తెలియదని ఆటపట్టించాడు. మాటలు చదివితే శ్రద్ధగా విన్నాడు. కాసేపయ్యాక అడిగితే ఒక్కటీ రాలేదు. పండు ఒకటుంది అన్నాను. తల తిప్పి రాజవ్వ వైపు చూశాడు. ఇది ఏ నెల అన్నాను. మళ్లీ రాజవ్వ వైపే. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు దాచుకుంటోందని నాకు అర్థమైంది. రెండేసి మాటల పరీక్షలో ఆయన చెప్పినవి సగం ఒప్పు, సగం తప్పు. తను చెప్పింది తప్పని నా ముఖం చూసి కనిపెట్టినప్పుడు బాధపడ్డాడు.

"గిది తప్పైందా. మల్లొకసారి అడుగుండ్రి మేడం, ఈసారి చెప్త" అన్నాడు.

నటించేవాళ్లెవరూ మళ్లీ అడగమనలేదు.

రాజవ్వను పక్కకు తీసుకెళ్లి, ఆయనకు మీరేమైనా నేర్పారా అని అడిగాను. దాచలేదు. తల్లీ కొడుకూ కలిసి నెలల తరబడి నేర్పారట. నెల అడిగితే తెలియదనాలి, మాటలడిగితే చెప్పకూడదు, ఇలా.

"మంచిగనే నేర్సుకున్నడు మేడం. గని ఇంట్ల గూడ బంద్ జేస్తలేడు. డ్యూటీ నుంచి వచ్చి బువ్వ తిని, మల్ల డ్యూటీకి తయారైతడు. అడిగిందే అడుగుతడు. జాలు తియ్యి, ఇంట్ల ఎవ్వలు సూస్తలేరు అంటె ఇనడు. నాకు యాష్టకొస్తుంది."

ఇవన్నీ మీరు నేర్పాకే మొదలయ్యాయా అని అడిగాను. అంతకుముందు కూడా కొంచెం మరిచేవాడని, అది చూసే తమకు ఈ ఉపాయం తట్టిందని ఆమె చెప్పింది. తను ఏం చెప్పిందో ఆమెకు తట్టలేదు. నాకు తట్టింది. మరిచిపోయినట్టు నటించమని ఇంట్లో చెప్పిన సంగతే ఓదెలన్నకు గుర్తులేదు. హాల్లో ఆయన తన శక్తి కొద్దీ సరిగ్గా చెప్పాలనే ప్రయత్నించాడు.

మర్నాడు ఆయనకు ఫస్ట్ షిఫ్ట్. గంట విని ఇంజను నడపాలి. ఆ తాడు దారిలో మనుషులుంటారు.

బాస్ మనసు మార్చుకున్న రోజు

అక్కడి నుంచే పెద్ద డాక్టరుకు ఫోన్ చేశాను. విసుక్కున్నాడు. అంతా నటిస్తున్న చోట ఒక్కడు నిజం చెబుతున్నాడని ఎలా నమ్ముతావు అన్నాడు. సగం ఒప్పు, సగం తప్పు సంగతి చెప్పాను. ఊతం ఇచ్చినా మాట రాలేదని, ప్రతి ప్రశ్నకూ తల తిప్పాడని, మళ్లీ అడగమన్నాడని చెప్పాను. 

"ముందు ఆయన్ని ఇంజను మీద నుంచి దింపించండి. తర్వాత కరీంనగర్ తీసుకురండి. నేనూ వస్తాను" అన్నాడు.

ఆయన్ని నేను చాలాసార్లు తిట్టుకున్నాను. కానీ ఆధారం చూపిస్తే తన మాట తనే వెనక్కి తీసుకోగల బాస్‌లను నా సర్వీసులో ఎక్కువమందిని చూడలేదు. మీకు అలాంటివాడు దొరికితే, వాడి తొందరను భరించండి.

ఓదెలన్నకు ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టించమని రాజవ్వను బతిమాలాను. నటన పండుతోందనుకుని ఆమె సరేనంది. ఆ క్షణంలో ఆమెను సరిదిద్దలేదు. ఆయన ఇంట్లో ఉంటే చాలనుకున్నాను.

కరీంనగర్‌లో స్కానింగ్ గది బయట వరుసగా కుర్చీలున్నాయి. రాజవ్వ, శ్రీకాంత్ నీళ్ల కోసం వెళ్లారు. ఓదెలన్న చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నా వైపు తిరిగాడు.

"ఇంట్ల అందరు నేను యాక్టింగ్ జేస్తున్న అంటున్నరు. జేస్తున్ననా మేడం?"

ఇన్నేళ్లలో నన్ను ఎవరూ ఇలాంటి ప్రశ్న అడగలేదు. అబద్ధం చెప్పాలనిపించలేదు.

"లేదు ఓదెలన్నా. నువ్వు యాక్టింగ్ చేస్తలేవు."

"మరి గా మాట ఇంట్ల జెప్పుండ్రి. దినాం లొల్లి పెడుతున్నరు" అన్నాడు. నేను చెబుతానన్నాను. ఆయన ముఖం తేలికపడింది. కొద్ది నిమిషాల తర్వాత, మనమిక్కడ ఎందుకు కూర్చున్నామని అడిగాడు.

స్కానింగ్‌లో ఆ దాచిపెట్టే చోటు ఆయన వయసుకు ఉండాల్సినదానికన్నా కుంచించుకుపోయి కనిపించింది. రక్తపరీక్షల్లో వేరే కారణం ఏదీ దొరకలేదు. పెద్ద డాక్టరు తనే మళ్లీ పరీక్షలన్నీ చేశాడు, చాలా ఓపికగా చేశాడు. ఆ మాట ఇంట్లోవాళ్లకు నేనే చెబుతానన్నాను. ఓదెలన్నకు మాటిచ్చాను కాబట్టి.

చెప్పాను. మొదట రాజవ్వ నమ్మలేదు. కొడుకు ఉద్యోగం కోసం నేనూ సాయం చేస్తున్నాననుకుని, నా వైపు కృతజ్ఞతగా చూసింది. అంత కష్టమైన చూపును నేనెప్పుడూ ఎదుర్కోలేదు. రెండోసారి, నెమ్మదిగా చెప్పాను. డ్యూటీ నుంచి వచ్చి మళ్లీ డ్యూటీకి తయారైంది నిజంగానే అని చెప్పాను. అప్పుడు నమ్మింది.

"దినాం తిట్టిన మేడం. యాక్టింగ్ జాలు అనుకుంట దినాం తిట్టిన" అంది.

శ్రీకాంత్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "నేను జెప్తుంటే బాపు మంచిగ నేర్సుకుంటుండనుకున్న. సంబురపడ్డ మేడం" అన్నాడు.  నాకూ దుఃఖం వచ్చింది. వాళ్ల ముందు ఏడవలేదు, అంతే.

ముందే తెలిసి ఏం లాభం

ఈ ప్రశ్న మిమ్మల్ని అందరూ అడుగుతారు. నయం చేసే మందు లేనప్పుడు ముందే చెప్పి మనిషిని ఎందుకు భయపెట్టడం అంటారు. గొప్ప జవాబు నా దగ్గర లేదు. మందుల గురించి లేనిపోని ఆశ అమ్మకండి. కొత్తవి వస్తున్నాయి, అవి కూడా అందరికీ కావు, పోయినదాన్ని తిరిగి తెచ్చివ్వవు. ఓదెలన్న విషయంలో ముందే తెలిసినందువల్ల ఆ ఇంజను ఆయన చేతిలోంచి పోయింది. ఇంట్లో తిట్లు ఆగాయి. ఈ రెండూ చిన్నవని నేననుకోను.

కంపెనీ డాక్టర్లు వాళ్ల పద్ధతిలో వాళ్లు పరీక్షలు చేసుకున్నారు. నటించేవాళ్లను చూసి చూసి ఉన్నవాళ్లు కాబట్టి తొందరపడలేదు. చివరికి వాళ్లకూ అదే తేలింది, అన్‌ఫిట్ అని రాశారు. నేను సిఫార్సు చేయలేదు, చేయకూడదు కూడా. కొంతకాలానికి శ్రీకాంత్‌కు ఉద్యోగం వచ్చింది. ఆ ఇంటివాళ్లకు కోరుకున్నదే దొరికింది, కోరుకున్న దారిలోనే దొరికింది. ఆ రోజు ఇంట్లో ఎవరూ మిఠాయి ముట్టలేదని శ్రీకాంత్ తర్వాత నాతో చెప్పాడు.

ఏడాది పరీక్ష కోసం మళ్లీ మందమర్రి వెళ్లినప్పుడు వాళ్లింటికి వెళ్లాను. ఓదెలన్న గుమ్మం ముందు కుర్చీలో, ఇస్త్రీ చొక్కాలో, నున్నగా దువ్విన తలతో కూర్చున్నాడు. నేనెవరో గుర్తుపట్టలేదు గానీ మర్యాదగా కూర్చోమన్నాడు. లోపల రాజవ్వ చాయ్ పెడుతూ, కాలనీలో ఎవరికీ జబ్బు సంగతి చెప్పలేదంది. ఎందుకని అడిగాను.

"మతి దప్పిందంటే రేపటి సంది ఎవ్వలు పల్కరియ్యరు మేడం. యాక్టింగ్ జేసి కొలువు ఇప్పిచ్చిండంటే నవ్వుతరు, వచ్చి కూసుంటరు. ఆయనకు మనుషులు గావాలె."

ఇంట్లో ఎవరూ ఆయన్ని నటిస్తున్నావనరు. బయట మాత్రం అందరూ అలాగే అనుకోవాలని ఆమె నిర్ణయించుకుంది. జబ్బు దాచకూడదని మేము ఊరూరా చెబుతుంటాం. ఆ పూట ఆమెకు ఆ ఉపన్యాసం ఇవ్వలేదు.

ఇద్దరం చాయ్ గ్లాసులతో బయటికి వచ్చేసరికి, షిఫ్ట్ దిగివచ్చిన ముగ్గురు నలుగురు ఓదెలన్న చుట్టూ చేరి ఉన్నారు. ఒకాయన ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"పెద్ద పెద్ద డాక్టర్లనే బోల్త గొట్టిచ్చినవ్ గదనే ఓదెలన్నా. గంత మంచిగ ఎట్ల నేర్సినవే?"

అందరూ నవ్వారు. ఓదెలన్న కూడా వాళ్లతోపాటు హాయిగా నవ్వాడు. తర్వాత, జవాబు కోసం, తల తిప్పి రాజవ్వ వైపు చూశాడు.

రాజవ్వ ఆయన చేతికి గ్లాసు అందించి, అది జారకుండా ఆయన వేళ్లను తన వేళ్లతో పట్టి ఉంచింది.

"నేనే నేర్పిన" అంది.